అప్‌డేట్ తర్వాత ఫోన్ నెట్ లాప్‌టాప్‌కు రావడం లేదా? తెగిన చోటును పట్టుకుని సరిచేసే పద్ధతి

ఫోన్‌లోనో లాప్‌టాప్‌లోనో అప్‌డేట్ వేసుకున్న మర్నాటి నుంచి హాట్‌స్పాట్ పనిచేయడం లేదని, యూఎస్‌బీ టెథరింగ్ (కేబుల్ ద్వారా ఫోన్ నెట్‌ను లాప్‌టాప్‌కు ఇవ్వడం) బటన్ నొక్కుడు పడటం లేదని, కనెక్ట్ అయినట్టు చూపిస్తున్నా ఒక్క పేజీ కూడా తెరుచుకోవడం లేదని పాఠకులు తరచూ అడుగుతున్నారు. అలా అడిగేవారిలో చాలామంది అప్పటికే నెట్‌వర్క్ రీసెట్ చేసి, ఉన్న వైఫై పాస్‌వర్డులన్నీ పోగొట్టుకుని ఉంటారు. కొందరు ఫ్యాక్టరీ రీసెట్ దాకా కూడా వెళ్తారు.

రీసెట్ చివరి మెట్టు. ఫోన్ నుంచి లాప్‌టాప్‌కు నెట్ చేరే దారిలో సిమ్, ఫోన్ సెట్టింగులు, వైఫై లేదా కేబుల్, లాప్‌టాప్ డ్రైవర్ (పరికరాన్ని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్), ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరం చిరునామా), డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేరును చిరునామాగా మార్చే ఏర్పాటు) అని వరుసగా కొన్ని మజిలీలున్నాయి. వాటిలో ఎక్కడ ఆగిందో ముందు తేల్చుకుంటే మరమ్మతు సాధారణంగా చిన్నదిగానే ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో సగం భాగం లోపాన్ని పట్టుకోవడానికే కేటాయించాను. ఉదాహరణలు ఎక్కువగా ఆండ్రాయిడ్ ఫోన్, విండోస్ లాప్‌టాప్ జతకు చెందినవి. ఐఫోన్ వాడేవారికి 8వ భాగం ఉంది.

1. మొదలుపెట్టే ముందు

ఈ పనికి అరగంట తీరిక ఉండాలి. రాష్ట్ర ప్రవేశ పరీక్షల వెబ్ ఆప్షన్లకు చివరి రోజో, ఆఫీసు మీటింగుకు పది నిమిషాల ముందో ఇది మొదలుపెట్టకండి. అంత తొందరలో ఉంటే ఇంట్లో మరొకరి ఫోన్ హాట్‌స్పాట్‌తో ఆ పూట గడుపుకుని, తర్వాత స్థిమితంగా కూర్చోండి.

దగ్గర పెట్టుకోవలసినవి:

- డేటా పంపగల యూఎస్‌బీ కేబుల్. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లూ ఉంటాయి. ఆ కేబుల్‌తో ఇంతకుముందు ఫోటోలు లాప్‌టాప్‌లోకి ఎక్కించగలిగి ఉంటే అది సరైనదే.
- పరీక్షకు మరో ఫోన్, వీలైతే మరో లాప్‌టాప్.
- కనీసం సగం ఛార్జింగ్. బ్యాటరీ సేవర్ తనంతట తాను ఆన్ అయ్యే స్థితిలో ఫోన్ ఉంటే పరీక్షల ఫలితాలు నమ్మలేం.
- ఒక కాగితం, కలం. ఏ సెట్టింగు ఎలా ఉండేదో, మీరు ఎలా మార్చారో రాసుకోండి.

ఒకసారి ఒక్క మార్పే చేయాలి. నాలుగు సెట్టింగులు ఒకేసారి మారిస్తే, నెట్ వచ్చినా దేనివల్ల వచ్చిందో తెలియదు. వచ్చే అప్‌డేట్‌కు మళ్లీ మొదటికే వస్తారు.

ఏ పరీక్షా చేయకముందే రెండు పరికరాలనూ రీస్టార్ట్ చేయండి. లాప్‌టాప్ విషయంలో "షట్ డౌన్" కాకుండా తప్పనిసరిగా "రీస్టార్ట్" ఎంచుకోవాలి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్నప్పుడు షట్ డౌన్ చేస్తే సిస్టమ్ లోపలి స్థితిని డిస్కులో దాచిపెట్టి, మళ్లీ ఆన్ చేసినప్పుడు దాన్నే తిరిగి తెస్తుంది; డ్రైవర్లు మొదటినుంచీ లోడ్ కావు. అప్‌డేట్ తర్వాత తలెత్తే ఇబ్బందులు కొన్ని ఈ ఒక్క తేడాతోనే సర్దుకుంటాయి.

2. అప్‌డేట్ ఎటువైపు జరిగిందో తేల్చుకోండి

ఫోన్‌లో సెట్టింగ్స్ లోపలి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ విభాగంలోనూ, లాప్‌టాప్‌లో సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్, అప్‌డేట్ హిస్టరీ లోనూ తేదీలు చూసి రాసుకోండి. ఫోన్ అప్‌డేట్ మీకు గుర్తుండి, అదే రాత్రి విండోస్ కొత్త వైఫై డ్రైవర్ వేసుకున్న సంగతి మీకు తెలియకపోవచ్చు. అప్‌డేట్ హిస్టరీలో "డ్రైవర్ అప్‌డేట్స్" అనే భాగాన్ని కూడా తెరిచి చూడండి.

విండోస్‌లో "మొబైల్ హాట్‌స్పాట్" అనే మరో సదుపాయం ఉంది. అది లాప్‌టాప్ నెట్‌ను ఇతరులకు పంచేది. ఫోన్ నెట్‌ను లాప్‌టాప్ అందుకోవడానికి దానితో పనిలేదు. 2022 జూన్ నాటి విండోస్ అప్‌డేట్లు ఆ సదుపాయాన్ని దెబ్బతీశాయి, మైక్రోసాఫ్ట్ ఆ తర్వాత సరిచేసింది. వెతుకులాటలో ఆ కాలపు సలహాలు ఎదురైతే అవి మీ సమస్యకు చెందినవి కావని గుర్తించండి. ఫోన్ నెట్ తీసుకునేటప్పుడు లాప్‌టాప్‌లోని మొబైల్ హాట్‌స్పాట్ ఆఫ్‌లో ఉండటమే మంచిది.

3. నాలుగు పరీక్షలు

ఈ వరుసలోనే చేయండి. ఒక్కోదాని ఫలితం కాగితం మీద రాయండి.

మొదటిది: ఫోన్‌లో వైఫై ఆఫ్ చేసి, మొబైల్ డేటాతో బ్రౌజర్‌లో అంతకుముందు తెరవని ఏదైనా వెబ్‌సైట్ తెరవండి. వాట్సాప్ మెసేజ్ వెళ్లిందంటే నెట్ బాగున్నట్టే అనుకోవద్దు. వేగం బాగా పడిపోయిన కనెక్షన్‌లో కూడా మెసేజ్ వెళ్తుంది.

రెండోది: మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు మరో ఫోన్‌ను కనెక్ట్ చేసి, ఆ రెండో ఫోన్ మొబైల్ డేటా ఆఫ్ చేసి వెబ్‌సైట్ తెరవండి. డేటా ఆఫ్ చేయకపోతే అది తన సొంత నెట్‌తోనే తెరిచి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.

మూడోది: మీ లాప్‌టాప్‌ను మరొకరి ఫోన్ హాట్‌స్పాట్‌కు కనెక్ట్ చేయండి.

నాలుగోది ఆండ్రాయిడ్ వాడేవారికి. ఫోన్‌ను ఇంటి వైఫైకి కలిపి, కేబుల్‌తో లాప్‌టాప్‌కు జోడించి, యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. యూఎస్‌బీ టెథరింగ్ మొబైల్ డేటానే కాక, ఫోన్ అందుకుంటున్న వైఫై నెట్‌ను కూడా లాప్‌టాప్‌కు పంపగలదు. లాప్‌టాప్ సొంత వైఫై ఆఫ్‌లో ఉంచి చూడండి. తర్వాత కేబుల్ తీయకుండానే ఫోన్ వైఫై ఆఫ్ చేసి, మొబైల్ డేటాకు మార్చి మళ్లీ చూడండి. ఈ పరీక్షను ఎక్కువమంది చేయరు, కానీ నాలుగింటిలో అత్యధికంగా సమాచారం ఇచ్చేది ఇదే.

ఫలితాల అర్థం ఇది:

- మొదటిదే విఫలమైతే టెథరింగ్‌ను వదిలేయండి. సిమ్, సిగ్నల్, రీఛార్జ్, ఏపీఎన్ (సిమ్ నెట్‌కు ద్వారం పేరు) సంగతి చూడాలి. 4వ, 7వ భాగాలకు వెళ్లండి.
- రెండోది విఫలమై మూడోది నెగ్గితే లోపం మీ ఫోన్‌లో ఉంది.
- రెండోది నెగ్గి మూడోది విఫలమైతే లోపం లాప్‌టాప్‌లో ఉంది.
- రెండూ నెగ్గినా మీ ఫోన్, మీ లాప్‌టాప్ మాత్రమే కలవకపోతే లోపం ఆ జతలో ఉంది. సేవ్ అయిన పాత పాస్‌వర్డ్, బ్యాండ్ (వైఫై వాడే రేడియో తరంగాల శ్రేణి), సెక్యూరిటీ రకం చూడాలి. 5వ భాగం మీది.
- నాలుగోదానిలో వైఫై నెట్ వచ్చి మొబైల్ డేటా రాకపోతే కేబుల్, పోర్టు, డ్రైవర్ అన్నీ బాగున్నట్టే. వాటి జోలికి పోకుండా నేరుగా 7వ భాగం చివర ఉన్న ఏపీఎన్ దగ్గరకు వెళ్లండి.

4. ఫోన్‌లో అప్‌డేట్ కదిపే సెట్టింగులు

ఇవి ఒక్కో నిమిషం పని. రెండు సిమ్‌లు వాడేవారు మొదట చూడవలసింది, మొబైల్ డేటా ఏ సిమ్ మీద ఉందన్నది. అప్‌డేట్ తర్వాత అది రీఛార్జ్ లేని రెండో సిమ్‌కు మారి ఉంటే హాట్‌స్పాట్ ఆన్ అవుతుంది, లాప్‌టాప్ కనెక్ట్ అవుతుంది, నెట్ మాత్రం రాదు.

చూడవలసిన మిగతావి:

- డేటా సేవర్ ఆఫ్‌లో ఉందా? అది ఆన్‌లో ఉంటే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో హాట్‌స్పాట్, టెథరింగ్ బటన్లు మసకబారి పనిచేయవు.
- బ్యాటరీ సేవర్ ఆఫ్‌లో ఉందా?
- వీపీఎన్ (నెట్‌ను మరో సర్వర్ గుండా మళ్లించే) యాప్ ఏదైనా నడుస్తోందా? "ఎల్లప్పుడూ ఆన్" అని పెట్టిన వీపీఎన్‌ను పరీక్ష పూర్తయ్యేదాకా ఆపండి. ప్రకటనలను అడ్డుకునే యాప్‌లు కొన్ని కూడా లోపల వీపీఎన్‌గానే పనిచేస్తాయి.
- హాట్‌స్పాట్ సెట్టింగుల్లో "అనుమతించిన పరికరాలు మాత్రమే" వంటిది ఆన్ అయి ఉందా?
- ఎవరూ కనెక్ట్ కాకపోతే దానంతట అదే ఆగిపోయే టైమర్ ఉందా? లాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లినప్పుడల్లా హాట్‌స్పాట్ ఆగిపోతుంటే కారణం ఇదే కావచ్చు.

ఇవన్నీ సరిగానే ఉంటే, నెట్‌వర్క్ రకాన్ని 5జీ నుంచి 4జీకి తాత్కాలికంగా మార్చి, ఎయిర్‌ప్లేన్ మోడ్ ఒక అర నిమిషం ఆన్‌లో ఉంచి తీసేయండి. 4జీలో నెట్ వచ్చి 5జీలో రాకపోతే లోపం లాప్‌టాప్‌ది కాదు. తదుపరి అప్‌డేట్ వచ్చేదాకా 4జీలో వాడుకోవచ్చు.

5. వైఫై హాట్‌స్పాట్: పేరు కనబడకపోతే, కనబడినా కలవకపోతే

ఈ రెండు లక్షణాలకు కారణాలు వేరు. వాటిని కలపకండి.

లాప్‌టాప్‌లో హాట్‌స్పాట్ పేరే కనబడకపోతే బ్యాండ్‌ను అనుమానించాలి. అప్‌డేట్ తర్వాత ఫోన్ 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు మారి ఉండవచ్చు. పాత లాప్‌టాప్‌లలోని వైఫై కార్డులు కొన్ని 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే వినగలవు. ఇంట్లోని కొత్త ఫోన్లకు పేరు కనబడి లాప్‌టాప్‌కు కనబడకపోవడం దీనికి ఆనవాలు. హాట్‌స్పాట్ సెట్టింగుల్లో బ్యాండ్‌ను 2.4 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. కొన్ని ఫోన్లలో దీన్ని "ఎక్స్‌టెండ్ కంపాటిబిలిటీ" అనే పేరుతో ఇస్తారు.

పేరు కనబడి, పాస్‌వర్డ్ కొట్టాక "ఈ నెట్‌వర్క్‌కు కనెక్ట్ కాలేకపోతున్నాం" అని వస్తే సెక్యూరిటీ రకం చూడాలి. డబ్ల్యూపీఏ3 అన్నది వైఫై భద్రతకు కొత్త ప్రమాణం. లాప్‌టాప్ వైఫై కార్డు గానీ దాని డ్రైవర్ గానీ పాతదైతే డబ్ల్యూపీఏ3 మాత్రమే అడిగే హాట్‌స్పాట్‌తో కలవలేదు. ఫోన్‌లో దాన్ని "డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3" మిశ్రమానికి, అప్పటికీ కలవకపోతే "డబ్ల్యూపీఏ2" కు మార్చండి. పాస్‌వర్డ్ అవసరం లేని "ఓపెన్" రకానికి మాత్రం పరీక్ష కోసమైనా మార్చవద్దు. బస్టాండులోనో హాస్టల్లోనో ఉన్నప్పుడు దాన్ని అలాగే మరిచిపోతే మీ డేటా ఎవరెవరికో పోతుంది.

మూడో కారణం సేవ్ అయిన పాత వివరాలు. హాట్‌స్పాట్ పేరు అదే ఉండి పాస్‌వర్డో సెక్యూరిటీ రకమో మారితే, లాప్‌టాప్ పాత వివరాలతోనే ప్రయత్నించి విఫలమవుతూ ఉంటుంది. సరిచేసే వరుస ఇది:

1. లాప్‌టాప్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, "మేనేజ్ నోన్ నెట్‌వర్క్స్" తెరిచి మీ హాట్‌స్పాట్ పేరును "ఫర్గెట్" చేయండి.
2. ఫోన్‌లో హాట్‌స్పాట్‌కు కొత్త పేరు పెట్టండి. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు చాలు; ఎమోజీలు, కొటేషన్ గుర్తులు వద్దు.
3. కొత్త పాస్‌వర్డ్ పెట్టి, హాట్‌స్పాట్ ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి.
4. లాప్‌టాప్ వైఫై ఆఫ్ చేసి ఆన్ చేసి, కొత్త పేరును ఎంచుకోండి.

కొత్త పేరు పెట్టడం ముఖ్యం. లాప్‌టాప్ దాన్ని పూర్తిగా కొత్త నెట్‌వర్క్‌గా చూస్తుంది కాబట్టి పాత వివరాల నీడ ఏదీ మిగలదు.

లాప్‌టాప్‌లో అసలు వైఫై గుర్తే మాయమైతే, లేదా మరే వైఫైకీ కలవకపోతే డ్రైవర్ చెడింది. స్టార్ట్ బటన్‌పై రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. "నెట్‌వర్క్ అడాప్టర్స్" కింద వైఫై కార్డు పేరుపై రెండుసార్లు నొక్కి, "డ్రైవర్" ట్యాబ్‌లో "రోల్ బ్యాక్ డ్రైవర్" ఎంచుకోండి. ఆ బటన్ మసకగా ఉంటే పాత డ్రైవర్ నిల్వలో లేదని అర్థం. అప్పుడు లాప్‌టాప్ తయారీ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ నంబరుకు ఇచ్చిన డ్రైవర్ దించుకోవాలి. దానికి కావలసిన నెట్‌ను యూఎస్‌బీ టెథరింగ్ ద్వారా తెచ్చుకోవచ్చు.

డ్రైవర్లన్నీ తామే సరిచేస్తామని చెప్పే మూడో పక్షం సాఫ్ట్‌వేర్లను ఈ సందర్భంలో వేసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ఒక డ్రైవర్ చెడిన చోట అవి పదింటిని కదిలిస్తాయి.

6. యూఎస్‌బీ టెథరింగ్: కేబుల్ నుంచి డ్రైవర్ దాకా

ముందు వరుస సరిగా ఉండాలి. ఫోన్ అన్‌లాక్ చేయండి, కేబుల్‌ను లాప్‌టాప్ పోర్టుకు నేరుగా పెట్టండి, హబ్ వాడకండి. ఫోన్ నోటిఫికేషన్లలో "ఈ పరికరం యూఎస్‌బీ ద్వారా ఛార్జ్ అవుతోంది" అనే అర్థం వచ్చే సందేశం కోసం చూసి, దాన్ని నొక్కి "యూఎస్‌బీ టెథరింగ్" ఎంచుకోండి. కేబుల్ పెట్టకముందు ఆ బటన్ మసకగానే ఉంటుంది. అది లోపం కాదు. కేబుల్ పెట్టినా మసకగానే ఉండి, ఛార్జింగ్ మాత్రం ఎక్కుతుంటే కేబుల్ లేదా పోర్టు మార్చి చూడండి. ఫోన్ పోర్టులో జేబు దూది పేరుకుని ఉన్నా ఛార్జింగ్ ఎక్కుతుంది, డేటా మాత్రం వెళ్లదు. ఫోన్ స్విచాఫ్ చేసి, చెక్క పంటిపుల్లతో మెల్లగా తీయండి; పిన్నీసు వాడవద్దు.

బటన్ ఆన్ అయినా లాప్‌టాప్‌కు నెట్ రాకపోతే డివైస్ మేనేజర్ తెరిచి ఉంచి, ఫోన్‌లో టెథరింగ్‌ను ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. ఆన్ చేసిన క్షణంలో జాబితా ఒకసారి కదలాలి, "నెట్‌వర్క్ అడాప్టర్స్" కింద కొత్త పేరు ఒకటి చేరాలి. ఎక్కువ ఆండ్రాయిడ్ ఫోన్లకు అది "రిమోట్ ఎన్‌డిస్ బేస్డ్ ఇంటర్నెట్ షేరింగ్ డివైస్". కొన్ని కొత్త ఫోన్లకు "యూఎస్‌బీఎన్‌సీఎం హోస్ట్ డివైస్".

ఈ రెండు పేర్ల తేడా ఇక్కడ కీలకం. కేబుల్ మీద నెట్ పంపడానికి ఆండ్రాయిడ్ చాలాకాలం ఆర్‌ఎన్‌డిస్ (అంటే రిమోట్ ఎన్‌డిస్) అనే పద్ధతి వాడింది. గూగుల్ పిక్సెల్ 6 వంటి ఫోన్ల నుంచి ఎన్‌సీఎం అనే పద్ధతికి మారుతూ వస్తోంది. విండోస్ 11లో ఎన్‌సీఎం డ్రైవర్ ముందే ఉంటుంది, కానీ కొన్నిసార్లు దానంతట అది ఫోన్‌కు అతుక్కోదు. విండోస్ 10లో ఆ డ్రైవర్ అలా సిద్ధంగా ఉండదు. పైగా విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఎన్‌సీఎం వాడే కొత్త ఫోన్, విండోస్ 10 లాప్‌టాప్ ఉన్నవారు కేబుల్‌తో కుస్తీ పట్టడం మాని వైఫై హాట్‌స్పాట్ వాడటమే మేలు.

పేరు పక్కన పసుపు త్రికోణం ఉన్నా, "అదర్ డివైసెస్" కింద ఆర్‌ఎన్‌డిస్ లేదా ఎన్‌సీఎం అని కనబడినా డ్రైవర్‌ను చేత్తో జోడించాలి:

1. ఆ పేరుపై రైట్ క్లిక్ చేసి "అప్‌డేట్ డ్రైవర్" నొక్కండి.
2. "బ్రౌజ్ మై కంప్యూటర్ ఫర్ డ్రైవర్స్", ఆ తర్వాత "లెట్ మీ పిక్" తో మొదలయ్యే వాక్యం ఎంచుకోండి.
3. పరికరాల రకాల జాబితా వస్తే "నెట్‌వర్క్ అడాప్టర్స్" ఎంచుకోండి.
4. "షో కంపాటిబుల్ హార్డ్‌వేర్" టిక్కు ఉంటే తీసేయండి.
5. ఎడమవైపు "మైక్రోసాఫ్ట్", కుడివైపు "రిమోట్ ఎన్‌డిస్ బేస్డ్ ఇంటర్నెట్ షేరింగ్ డివైస్" ఎంచుకోండి. మీ పరికరం ఎన్‌సీఎం అని కనబడితే కుడివైపు "యూఎస్‌బీఎన్‌సీఎం హోస్ట్ డివైస్" ఎంచుకోండి.
6. హెచ్చరిక వస్తే, ఎంచుకున్నది మీ ఫోన్ పరికరమేనని మరొకసారి చూసుకుని "యెస్" నొక్కండి.
7. టెథరింగ్ ఆఫ్ చేసి ఆన్ చేయండి.

ప్రతిసారీ కేబుల్ పెట్టగానే టెథరింగ్ దానంతట అదే ఆన్ కావాలనుకునేవారు, ఫోన్‌లో బిల్డ్ నంబర్‌ను 7 సార్లు నొక్కి డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, "డిఫాల్ట్ యూఎస్‌బీ కాన్ఫిగరేషన్" లో యూఎస్‌బీ టెథరింగ్ ఎంచుకోవచ్చు. ఇంతకుముందు అలా పెట్టుకున్నవారు అప్‌డేట్ తర్వాత అది పాత స్థితికి పోయిందేమో చూసుకోండి. డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. పని కాగానే ఆఫ్ చేయండి.

మ్యాక్ లాప్‌టాప్‌కు ఆర్‌ఎన్‌డిస్ పద్ధతి తెలియదు. ఆండ్రాయిడ్ ఫోన్, మ్యాక్ ఉన్నవారికి వైఫై హాట్‌స్పాట్ సులువైన దారి.

7. కనెక్ట్ అయింది, కానీ నెట్ లేదు

ఇక్కడ ఊహలతో పనిలేదు, లాప్‌టాప్‌నే అడగవచ్చు. స్టార్ట్ మెనూలో సీ, ఎం, డీ అని ఇంగ్లీషు అక్షరాలు కొట్టి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఐ, పీ, సీ, ఓ, ఎన్, ఎఫ్, ఐ, జీ అక్షరాలను కలిపి కొట్టి ఎంటర్ నొక్కండి. టెథరింగ్ వైఫై మీద అయితే వైఫై విభాగం, కేబుల్ మీద అయితే ఈథర్నెట్ విభాగం చూడండి.

"ఐపీవీ4 అడ్రస్" వరుసలో 169.254తో మొదలయ్యే అంకె ఉంటే ఫోన్ నుంచి అడ్రస్ అందలేదని అర్థం. లాప్‌టాప్ తనకు తానే ఒకటి పెట్టుకుంది. సెట్టింగ్స్‌లో ఆ కనెక్షన్ ప్రాపర్టీస్ తెరిచి, "ఐపీ అసైన్‌మెంట్", "డీఎన్‌ఎస్ సర్వర్ అసైన్‌మెంట్" రెండూ ఆటోమేటిక్ మీద ఉన్నాయో లేదో చూడండి. కాలేజీ ల్యాబ్ కోసమో ఆఫీసు కోసమో ఎప్పుడో చేత్తో పెట్టిన అడ్రస్ ఉండిపోతే ఇక్కడే దొరుకుతుంది.

అడ్రస్ సరిగా ఉంటే అదే విభాగంలోని "డిఫాల్ట్ గేట్‌వే" అంకె రాసుకోండి. అది మీ ఫోన్ చిరునామా. ఇప్పుడు పింగ్ అని ఇంగ్లీషులో కొట్టి, ఒక ఖాళీ వదిలి ఆ అంకె కొట్టండి. తర్వాత అలాగే 8.8.8.8 (గూగుల్ సర్వర్ చిరునామా) తో, చివరగా ఏదైనా వెబ్‌సైట్ పేరుతో చేయండి. "రిప్లై ఫ్రమ్" అని వస్తే బదులు వచ్చినట్టు, "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అని వస్తే రానట్టు.

- గేట్‌వే నుంచే బదులు రాకపోతే ఫోన్, లాప్‌టాప్‌ల మధ్య బంధం బాగాలేదు. 5వ లేదా 6వ భాగానికి వెనక్కి వెళ్లండి. లాప్‌టాప్‌లో యాంటీవైరస్ కంపెనీ ఫైర్‌వాల్ ఉంటే దాన్ని కాసేపు ఆపి చూడండి.
- గేట్‌వే పలికి 8.8.8.8 పలకకపోతే ఫోన్ తన నెట్‌ను ముందుకు పంపడం లేదు. ఏపీఎన్, వీపీఎన్ చూడాలి.
- 8.8.8.8 పలికి వెబ్‌సైట్ పేరు పలకకపోతే డీఎన్‌ఎస్ లోపం. లాప్‌టాప్ వీపీఎన్ ఆపి, డీఎన్‌ఎస్‌ను ఆటోమేటిక్‌కు మార్చండి. ఆటోమేటిక్‌లోనే ఉంటే చేత్తో 8.8.8.8, 1.1.1.1 ఇచ్చి చూడండి.
- అన్నీ పలికి బ్రౌజర్ మాత్రం తెరవకపోతే సెట్టింగ్స్‌లో ప్రాక్సీ (నెట్‌ను మధ్యవర్తి సర్వర్ ద్వారా పంపే సెట్టింగు) ఆన్ అయి ఉందేమో చూడండి.

ఏపీఎన్ అంటే సిమ్ నెట్‌కు ద్వారం పేరు. ఫోన్ అప్‌డేట్ తర్వాత ఇది మారిపోవడానికి ఆస్కారం ఉంది. మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో "యాక్సెస్ పాయింట్ నేమ్స్" తెరిచి, మూడు చుక్కల మెనూలో "రీసెట్ టు డిఫాల్ట్" నొక్కండి. ఆ తర్వాత జియోకు జియోనెట్, ఎయిర్‌టెల్‌కు ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్ డాట్ కామ్, బీఎస్‌ఎన్‌ఎల్‌కు బీఎస్‌ఎన్‌ఎల్‌నెట్ అన్నవి ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా ఉండాలి.

ఫోన్‌లో నెట్ వచ్చి టెథరింగ్‌లో మాత్రమే రాకపోతే, అదే పేజీలోని "ఏపీఎన్ టైప్" గడి చూడండి. అందులో ఉన్నదాని చివర కామా పెట్టి, ఖాళీ వదలకుండా డీ, యూ, ఎన్ అనే మూడు చిన్న అక్షరాలు చేర్చి సేవ్ చేయండి. టెథరింగ్‌కు కూడా ఈ ద్వారమే వాడమని ఫోన్‌కు చెప్పడం అది. గడిని మార్చనివ్వకపోతే అవే వివరాలతో కొత్త ఏపీఎన్ తయారుచేసి దాన్ని ఎంచుకోండి. చేసే ముందు పాత పేజీని స్క్రీన్‌షాట్ తీసుకోవడం మరవకండి.

8. ఐఫోన్ అయితే

సెట్టింగ్స్‌లో "పర్సనల్ హాట్‌స్పాట్" తెరిచి "అలౌ అదర్స్ టు జాయిన్" ఆన్ చేసి, లాప్‌టాప్ కలిసేదాకా ఆ తెర మీదే ఉండండి. ఐఫోన్ 12, ఆ తర్వాతి మోడళ్లలో అక్కడే "మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ" ఉంటుంది. పాత లాప్‌టాప్‌కు పేరు కనబడకపోతే దాన్ని ఆన్ చేయండి.

పర్సనల్ హాట్‌స్పాట్ అనే వరుసే మాయమైతే సెట్టింగ్స్, మొబైల్ డేటా, మొబైల్ డేటా నెట్‌వర్క్ లోపల పర్సనల్ హాట్‌స్పాట్ గడిలో ఏపీఎన్ ఖాళీగా ఉందేమో చూడండి. జనరల్, అబౌట్ పేజీ తెరిచి కాసేపు ఆగితే, క్యారియర్ సెట్టింగ్స్ అప్‌డేట్ ఉంటే అదే అడుగుతుంది.

కేబుల్‌తో అయితే విండోస్‌లో ఆపిల్ డివైసెస్ యాప్ లేదా ఐట్యూన్స్ ఉండాలి, ఐఫోన్ అన్‌లాక్ చేసి "ట్రస్ట్" నొక్కాలి. విండోస్ అప్‌డేట్ తర్వాత ఐఫోన్ గుర్తింపు పోతే ఆ యాప్‌ను తీసేసి మళ్లీ వేయండి. ఐఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చే అడ్రస్ 172.20.10తో మొదలవుతుంది, లాప్‌టాప్‌లో అది కనబడితే బంధం కుదిరినట్టే.

9. నెట్ వస్తోంది, కానీ నత్తనడక

ఇది చాలాసార్లు లోపం కాదు, కోటా అయిపోవడం. రోజుకు 1.5 జీబీ, 2 జీబీ ఇచ్చే ప్లాన్లలో ఆ రోజు డేటా అయిపోతే వేగం బాగా పడిపోతుంది. జియో వంటి వాటిలో అది 64 కేబీపీఎస్. ఫోన్ అప్‌డేట్‌ను మొబైల్ డేటాతోనే దించుకుని ఉంటే రోజు కోటా దానికే సరిపోయి ఉంటుంది. ఏ సెట్టింగూ కదపకముందు ఆపరేటర్ యాప్‌లో మిగిలిన డేటా చూడండి.

రెండో కారణం లాప్‌టాప్ ఆకలి. యూఎస్‌బీ టెథరింగ్‌ను విండోస్ ఈథర్నెట్‌గా చూస్తుంది, అంటే ఇంటి బ్రాడ్‌బ్యాండ్ అనుకుని అప్‌డేట్లు, వన్‌డ్రైవ్ ఫైళ్లు వెనక నుంచి లాగేస్తుంది. ఆ కనెక్షన్ ప్రాపర్టీస్‌లో డేటాను పొదుపుగా వాడమని విండోస్‌కు చెప్పే "మీటర్డ్ కనెక్షన్" ఆన్ చేయండి. వైఫైకి, ఈథర్నెట్‌కు విడివిడిగా చేయాలి.

ఇవి రెండూ కాకపోతే బ్యాండ్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి, ఫోన్‌ను లాప్‌టాప్ పక్కనే పెట్టి చూడండి. ఆండ్రాయిడ్ డెవలపర్ ఆప్షన్స్‌లో "టెథరింగ్ హార్డ్‌వేర్ యాక్సిలరేషన్" ఆఫ్ చేసినప్పుడు వేగం తిరిగొస్తే లోపం ఫోన్ అప్‌డేట్‌లోనే ఉందని తేలుతుంది.

10. బ్లూటూత్

బ్లూటూత్ మీదుగా తీసుకునే నెట్ మెయిల్, ఫారం నింపడం వంటి పనులకు ఆ పూట గట్టెక్కించగలదు, వీడియో కాల్‌కు చాలదు. అప్‌డేట్ తర్వాత పనిచేయకపోతే రెండు వైపులా జతను తీసేసి మళ్లీ జత చేయండి, ఫోన్‌లో బ్లూటూత్ టెథరింగ్ ఆన్ చేయండి.

11. రీసెట్లు, తక్కువ నష్టం నుంచి ఎక్కువ నష్టానికి

పైవన్నీ అయ్యాకే ఇక్కడికి రండి.

1. ఫోన్‌లో మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగుల రీసెట్. చేత్తో రాసిన ఏపీఎన్‌లు పోతాయి.
2. ఫోన్‌లో వైఫై, బ్లూటూత్ రీసెట్. సేవ్ చేసిన వైఫై పాస్‌వర్డులు, జత చేసిన ఇయర్‌ఫోన్లు పోతాయి. ఐఫోన్‌లో 1, 2 కలిపి ఒకే రీసెట్‌గా ఉంటాయి.
3. లాప్‌టాప్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్, "నెట్‌వర్క్ రీసెట్". ఆఫీసు వీపీఎన్ వాడేవారు ముందు కంపెనీ ఐటీ విభాగాన్ని అడగండి. వీపీఎన్‌ను మళ్లీ అమర్చుకోవలసి రావచ్చు.

ఫోన్ ఫ్యాక్టరీ రీసెట్‌ను ఈ జాబితాలో చేర్చలేదు. మూడో భాగం పరీక్షల్లో లోపం ఫోన్‌దేనని తేలి, సర్వీస్ సెంటర్ కూడా అదే చెప్పి, బ్యాకప్ పూర్తయి ఉంటే తప్ప అంత దూరం వెళ్లనవసరం లేదు.

12. అప్‌డేట్‌ను వెనక్కి తీయడం

లోపం విండోస్ వైపే ఉందని తేలితే, అప్‌డేట్ హిస్టరీ అడుగున "అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్" లో మీరు రాసుకున్న తేదీ నాటి దాన్ని తీసేయవచ్చు. పెద్ద వెర్షన్ మారి ఉంటే సిస్టమ్, రికవరీ లోని "గో బ్యాక్" సాధారణంగా 10 రోజుల వరకే ఉంటుంది; ఈలోగానే నిర్ణయించుకోండి. తీసేశాక అప్‌డేట్లను ఒకటి రెండు వారాలు "పాజ్" చేయండి. శాశ్వతంగా ఆపవద్దు, భద్రతా మరమ్మతులు కూడా వాటితోనే వస్తాయి.

ఫోన్ అప్‌డేట్‌ను వెనక్కి తీయడానికి ఇంత సులువైన దారి లేదు. పాత సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తామనే దుకాణాలకు ఫోన్ ఇస్తే డేటా మొత్తం పోవచ్చు, వారంటీకి కూడా ఇబ్బంది రావచ్చు. 4జీ, 2.4 గిగాహెర్ట్జ్, డబ్ల్యూపీఏ2 కలయికతో పని గడుపుకుంటూ తదుపరి అప్‌డేట్ కోసం చూడటం మంచిది.

13. ఫిర్యాదు చేసేటప్పుడు రాయవలసినవి

"హాట్‌స్పాట్ పనిచేయడం లేదు" అని మాత్రమే రాస్తే రీస్టార్ట్ చేయమనే జవాబే వస్తుంది. కాగితం మీద రాసుకున్నవి ఇప్పుడు పనికొస్తాయి:

- ఫోన్ మోడల్, సాఫ్ట్‌వేర్ బిల్డ్ నంబర్, అప్‌డేట్ తేదీ.
- లాప్‌టాప్ మోడల్, విండోస్ వెర్షన్, వైఫై కార్డు పేరు, డ్రైవర్ తేదీ.
- నాలుగు పరీక్షల్లో ఏది నెగ్గింది, ఏది విఫలమైంది.
- ఐపీవీ4 అడ్రస్, మూడు పింగ్‌ల ఫలితాలు.
- డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం ఉంటే దాని స్క్రీన్‌షాట్.
- ఏ సెట్టింగు మార్చారు, మార్చాక ఏమైంది.

మొదటి పరీక్షే విఫలమైతే ఈ వివరాలను సిమ్ ఆపరేటర్‌కు, రెండోది విఫలమైతే ఫోన్ కంపెనీకి, మూడోది విఫలమైతే లాప్‌టాప్ కంపెనీకి పంపండి. నాలుగోదానిలో వైఫై నెట్ వచ్చి మొబైల్ డేటా మాత్రమే రాకపోతే, ఏపీఎన్ సరిచేశాక కూడా అదే స్థితి ఉంటే, ఆపరేటర్‌కూ ఫోన్ కంపెనీకీ ఒకే వివరాలు ఒకేసారి పంపండి.